ఆగిన డబ్బు, చేతికొచ్చే డబ్బు: ఆన్‌లైన్ మోసం తర్వాత బెంగళూరులో జరిగేదేంటి

ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోయిందని అర్థమైన వెంటనే చాలామంది చేసే మొదటి పని, మోసం చేసినవాడికే మళ్లీ ఫోన్ చేయడం. వాట్సాప్‌లో బతిమాలతారు, తిడతారు, పోలీసులకు చెప్తానని బెదిరిస్తారు. అవతలివాడు ‘ఇంకో 40,000 కడితే మొత్తం రిలీజ్ అవుతుంది’ అంటే నిజమేనేమో అని ఇంకో గంట ఆలోచిస్తారు. రెండో పని, ఇంట్లో తెలియకుండా దాచడం. డబ్బు తిరిగి రావడానికి ఉన్న అవకాశం ఎక్కువగా ఈ రెండు పనుల మధ్యే జారిపోతుంది. ఎందుకంటే డబ్బు వెనక్కి రావడం దొంగ దొరకడం మీద ఆధారపడేది చాలా తక్కువ, ఆ డబ్బు ఏదో ఒక బ్యాంకు ఖాతాలో ఇంకా ఉండగానే దాన్ని ఆపగలిగామా లేదా అన్నదే ముఖ్యం.

అయితే ఆపడం ఒక పని, ఆగినదాన్ని తెచ్చుకోవడం ఇంకో పని. మొదటిది గంటల్లో తేలిపోతుంది, రెండోది నెలలు పడుతుంది. బెంగళూరులో ఉండే మనవాళ్లలో మొదటిది సరిగ్గానే చేసినవాళ్లు కూడా ‘ఫిర్యాదు ఇచ్చేశాం కదా, ఇక వాళ్లే అకౌంట్లో వేస్తారు’ అని కూర్చుంటున్నారు. అలా కూర్చుంటే ఆగిన డబ్బు ఆగిన చోటే ఉండిపోతుంది.

ఒక ఉదాహరణ అనుకుందాం. మహదేవపురలో అద్దెకుండే ఒకాయన, అనంతపురం వైపు నుంచి వచ్చి ఐటీలో పని చేస్తున్నవాడు, టెలిగ్రామ్ గ్రూపులో చూసిన ట్రేడింగ్ యాప్‌లో సోమవారం 50,000, బుధవారం 1,30,000, శుక్రవారం సాయంత్రం 7:40కి 3,00,000 వేశాడు. యాప్‌లో లాభం కనిపిస్తోంది గానీ విత్‌డ్రా నొక్కితే ‘ట్యాక్స్ ముందు కట్టండి’ అని వస్తోంది. అప్పటికి అనుమానం వచ్చింది. ఆయన భార్య ఫోన్ లాక్కుని 9:10కి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కలిపింది. మొత్తం పోయింది 4,80,000. ఇందులో ఎంత ఆగుతుంది అనేది ఆ గంటన్నరలో ఆ 3,00,000 ఎక్కడెక్కడికి పోయింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. సోమవారం, బుధవారం వేసిన సొమ్ము గురించి నిజాయితీగా చెప్పాలంటే ఆశ చాలా తక్కువ.

1930కి ఫోన్ చేస్తే లోపల జరిగేది ఇది. కేంద్ర హోం శాఖ కింద ఉన్న ఇండియన్ సైబర్ క్రైమ్ కోఆర్డినేషన్ సెంటర్ 2021లో ఒక వ్యవస్థ మొదలుపెట్టింది. మొదట్లో దాని నంబర్ 155260, తర్వాత 1930 అయింది. మనం చెప్పిన వివరాలు ఎక్కించగానే ఒక టికెట్ తయారై మన బ్యాంకుకు వెళ్తుంది. మన బ్యాంకు చూసి ‘ఈ డబ్బు ఫలానా బ్యాంకులో ఫలానా ఖాతాకు పోయింది’ అని రాస్తే, టికెట్ ఆ బ్యాంకుకు వెళ్తుంది. అక్కడ డబ్బు ఇంకా ఉంటే ఆ మేరకు హోల్డ్ పెడతారు. వెళ్లిపోయి ఉంటే ఎక్కడికి వెళ్లిందో రాస్తారు, టికెట్ ఆ తర్వాతి బ్యాంకు వెంట పడుతుంది. పోలీసుల భాషలో వీటినే లేయర్ వన్, లేయర్ టూ అంటారు. మోసగాళ్లు మొదటి ఖాతాలోకి వచ్చిన డబ్బును నిమిషాల్లో ఐదారు ఖాతాలకు చీల్చేస్తారు. ఆ ఖాతాలు కూడా వాళ్లవి కావు. కమీషన్‌కు ఆశపడి పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ అప్పజెప్పిన కాలేజీ పిల్లలవో, కూలి పని చేసుకునేవాళ్లవో అయ్యుంటాయి, వాటినే మ్యూల్ అకౌంట్లు అంటున్నారు. చివరికి ఎవరో ఏటీఎంలో తీసుకుంటారు, లేదా క్రిప్టోగా మార్చి దేశం దాటిస్తారు. అక్కడిదాకా పోయిన రూపాయి వెనక్కి రావడం చాలా కష్టం.

కాబట్టి ఆ ఫోన్ కాల్‌లో ఏం చెప్పాలో ముందే తెలిసి ఉండడం మంచిది. ఆపరేటర్‌కు మీ బాధ వినాలని లేకపోవడం కాదు, ఆ టికెట్ నింపడానికి కావాల్సినవి వేరే ఉంటాయి: ఏ బ్యాంకు, ఏ ఖాతా లేదా ఏ కార్డు, ఏ తేదీన ఏ టైమ్‌కి, ఎంత, ట్రాన్సాక్షన్ నంబర్ ఎంత. యూపీఐ అయితే 12 అంకెల యూటీఆర్ ఉంటుంది, యాప్‌లో హిస్టరీలో ఆ లావాదేవీ మీద నొక్కితే కనిపిస్తుంది. చేతులు వణుకుతున్నప్పుడు ఫోన్ మాట్లాడుతూనే అదే ఫోన్‌లో ఆ నంబర్ వెతకడం మహా ఇబ్బంది, అంకె తప్పు చెప్తే టికెట్ దారి తప్పుతుంది. పక్కన ఇంకొకరు ఉంటే వాళ్ల ఫోన్‌తో మాట్లాడి, మీ ఫోన్‌లో చూసి కాగితం మీద రాసుకోండి. మూడుసార్లు పంపితే మూడు నంబర్లూ ఇవ్వాలి. సిగ్గుపడి చిన్న మొత్తాలు దాచేవాళ్లున్నారు, తర్వాత వాటిని కలపడం పెద్ద తలనొప్పి. లైన్ కలవకపోతే కలిసేదాకా ఆగకుండా సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో నేరుగా ఫిర్యాదు పెట్టండి, ఈలోగా మరొకరు బ్యాంకు కస్టమర్ కేర్‌కు చేసి కార్డు, నెట్ బ్యాంకింగ్ బ్లాక్ చేయించాలి. బ్యాంకుకు చేసిన కాల్ టైమ్, వాళ్లిచ్చిన రిఫరెన్స్ నంబర్ రాసి పెట్టుకోండి, దాని అవసరం నెలల తర్వాత వస్తుంది.

పోర్టల్‌లో రాష్ట్రం, జిల్లా ఎంచుకునే చోట మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. ఆధార్‌లో ఊరి అడ్రస్ ఉంది కదా అని ఆంధ్రప్రదేశ్, అనంతపురం అని పెట్టేస్తారు. ఉంటున్నది బెంగళూరులో, ఫైల్ వెళ్లేది అనంతపురానికి. తర్వాత ప్రతి సంతకానికీ ఊరు వెళ్లాలి, లేదా ఫైల్ ఇక్కడికి బదిలీ కావాలి. ఎక్కడ ఉండగా మోసం జరిగిందో, ఎక్కడి స్టేషన్‌కు మీరు తిరగగలరో అదే పెట్టండి. ఊళ్లో ఉన్న నాన్న మోసపోయి, కొడుకు ఇక్కడినుంచి ఫిర్యాదు నింపుతుంటే మాత్రం నాన్న ఉన్న జిల్లానే సరైనది.

పోర్టల్‌లో ఎక్నాలెడ్జ్‌మెంట్ నంబర్ వచ్చాక చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. ఆ నంబర్ ఎఫ్ఐఆర్ కాదు. ఈ ఒక్క వాక్యం తెలియక ఎంతోమంది ఆగిన డబ్బును ఏడాదిపాటు అలాగే వదిలేస్తున్నారు. కోర్టు డబ్బు విడుదల చేయాలంటే మామూలుగా ఒక కేసు ఉండాలి, కేసు అంటే ఎఫ్ఐఆర్, దానికో క్రైమ్ నంబర్. బెంగళూరులో సైబర్, ఎకనామిక్, నార్కోటిక్స్ నేరాల కోసం పోలీసు డివిజన్‌కొకటి చొప్పున సెన్ స్టేషన్లు ఉన్నాయి. వైట్‌ఫీల్డ్, మహదేవపుర వైపు ఉండేవాళ్లు వైట్‌ఫీల్డ్ సెన్ స్టేషన్‌కు వెళ్తారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 173 ప్రకారం నేరం ఏ ఏరియాలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాల్సిందే, దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటాం. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే డీసీపీకి రాతపూర్వకంగా పంపవచ్చు, అప్పటికీ కాకపోతే మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్లవచ్చు.

కన్నడ రాదని భయపడి స్టేషన్ మెట్లెక్కనివాళ్లు ఉన్నారు. ఈ నగరంలో తెలుగు అర్థమయ్యే పోలీసులకు కొదవ లేదు, ఫిర్యాదు ఇంగ్లీషులో టైప్ చేసి తీసుకెళ్లినా తీసుకుంటారు. రెండు పేజీలు చాలు. మొదట ఎలా పరిచయమయ్యాడు, ఏం చెప్పాడు, ఎప్పుడెప్పుడు ఎంత పంపారు, ఎప్పుడు అనుమానం వచ్చింది, 1930కి ఎప్పుడు చేశారు. దాంతోపాటు బ్రాంచ్‌లో సీలు వేయించిన స్టేట్‌మెంట్, చాట్ స్క్రీన్‌షాట్లు, ఆ యాప్ లింకు. చాట్‌ను డిలీట్ చేయకండి. అసహ్యం వేసి, లేదా ఇంట్లో ఎవరైనా చూస్తారని గ్రూపు నుంచి బయటికొచ్చి మొత్తం చెరిపేసినవాళ్లు తర్వాత పోలీసు అధికారి ముందు ఖాళీ చేతులతో నిలబడాల్సి వస్తుంది.

ఇక బ్యాంకు ఇవ్వాలా వద్దా అన్న ప్రశ్న. ఇక్కడ చాలా గందరగోళం ఉంది, కొంచెం నిదానంగా చూడాలి. రిజర్వ్ బ్యాంక్ 2017 జూలై 6న ఒక సర్క్యులర్ ఇచ్చింది. మీ ప్రమేయం లేకుండా, మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మధ్యలో ఎక్కడో లోపం వల్ల డబ్బు పోతే, బ్యాంకు మెసేజ్ వచ్చాక మూడు పనిదినాల లోపు చెప్తే మీ బాధ్యత సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెప్తే మీరు మోయాల్సింది ఒక పరిమితి వరకే, మామూలు సేవింగ్స్ ఖాతాకు అది 10,000 రూపాయలు. ఏడు దాటితే ఆ బ్యాంకు సొంత పాలసీ. తప్పు బ్యాంకుదే అయితే మీరు ఎప్పుడు చెప్పారన్న దానితో పని లేదు. మీరు చెప్పిన 10 పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో జమ చేయాలి, 90 రోజుల్లో తేల్చాలి. తప్పు కస్టమర్‌దే అని నిరూపించాల్సిన భారం కూడా బ్యాంకు మీదే ఉంటుంది.

వినడానికి ధైర్యంగా ఉంటుంది, కానీ మన ఉదాహరణలో ఆయనకు ఇది వర్తించదు. ఆయన తన చేత్తో పిన్ కొట్టి పంపాడు. మోసపోయి పంపినా, భయపడి పంపినా, వీడియో కాల్‌లో పోలీసు డ్రెస్సు వేసుకున్నవాడు ‘డిజిటల్ అరెస్ట్’ అని బెదిరిస్తే పంపినా, చట్టంలో అలాంటి అరెస్టే లేకపోయినా, బ్యాంకు లెక్కలో అది కస్టమర్ ఒప్పుకుని చేసిన లావాదేవీ. ఓటీపీ చెప్పేస్తే అది కస్టమర్ నిర్లక్ష్యం కిందికి వస్తుంది, అప్పుడు కూడా బ్యాంకుకు తెలియజేసిన తర్వాత పోయిన డబ్బు మాత్రం బ్యాంకుదే బాధ్యత. ఈ తేడా వల్ల ఎంతో అన్యాయం జరుగుతోందని అనిపిస్తుంది, ఎందుకంటే ఇవాళ జరిగే పెద్ద మోసాల్లో చాలావాటిలో మనిషి చేతే పంపిస్తున్నారు. కానీ నియమం అలా ఉందని తెలిస్తే కనీసం బ్యాంకు మేనేజర్ ముందు నెలలు పోగొట్టుకోకుండా, ఆ శక్తిని పోలీసు, కోర్టు వైపు పెట్టవచ్చు.

బ్యాంకు పూర్తిగా తప్పించుకున్నట్టు కూడా కాదు. మీరు 9:10కి చెప్తే, డబ్బు ఖాతాలోనే ఉన్నా మర్నాడు మధ్యాహ్నం దాకా హోల్డ్ పెట్టకపోతే అది సేవాలోపం. అందుకే ఆ కాల్ టైమ్ రాసి పెట్టుకోమన్నది. ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు పెట్టుకోవచ్చు. ఆన్‌లైన్‌లోనే, పైసా ఖర్చు లేదు, లాయర్ అక్కర్లేదు. క్రెడిట్ కార్డు మీద పోయినదైతే అసలు దారే వేరు, వెంటనే బ్యాంకులో డిస్ప్యూట్ పెట్టాలి.

ఒక్కోసారి మోసగాళ్లు మనతోనే ఫోన్‌లో నిమిషాల్లో పర్సనల్ లోన్ తీయించి, ఆ డబ్బు కూడా పంపించుకుంటారు. ఆ లోన్ మన పేరు మీదే ఉంటుంది, ఈఎంఐ ఆపితే పడిపోయేది మన సిబిల్ స్కోరే. పోలీసు కేసు ఉంది కదా అని కట్టడం మానేయకండి. ఎఫ్ఐఆర్ కాపీ జతచేసి లోన్ ఇచ్చిన సంస్థకు ఉత్తరం రాసి, వాయిదా తగ్గించమనో గడువు పెంచమనో అడగొచ్చు, ఒప్పుకునేవాళ్లూ ఉంటారు.

మళ్లీ ఆ శుక్రవారం దగ్గరికి వద్దాం. పది రోజుల తర్వాత దర్యాప్తు అధికారి చెప్పింది: 3,00,000లో 1,20,000 మొదటి ఖాతాలోనే ఆగింది, 65,000 రెండో లేయర్‌లో ఒక ఖాతాలో ఆగింది. మొత్తం 1,85,000 హోల్డ్‌లో ఉంది. ఇది విని ఇంట్లో అందరికీ ప్రాణం లేచివచ్చింది. ‘ఎప్పుడు వేస్తారు సార్’ అని అడిగితే ‘కోర్టు ఆర్డర్ తీసుకురండి’ అన్నారు. ఇక్కడే చాలామంది చల్లబడిపోతారు. కోర్టు అనగానే లాయర్ ఫీజు, వాయిదాలు, సెలవులు గుర్తొస్తాయి. కానీ ఈ పనికి పెద్ద విచారణ అంటూ ఏమీ ఉండదు. దొంగకు శిక్ష పడేదాకా ఆగక్కర్లేదు కూడా.

పోలీసులు స్వాధీనం చేసుకున్న ఆస్తిని దాని అసలు హక్కుదారుకు ఇప్పించమని మేజిస్ట్రేట్‌ను అడగడానికి పైన చెప్పిన సురక్షా సంహితలో సెక్షన్ 503 ఉంది, దానికి ముందున్న పాత చట్టం సీఆర్‌పీసీలో ఇదే 457. దీని కింద ఒక అర్జీ వేయాలి. మీ స్టేషన్ ఏ మేజిస్ట్రేట్ పరిధిలో ఉందో స్టేషన్‌లోనే చెప్తారు, నగరంలో చాలా స్టేషన్లకు సంబంధించిన మేజిస్ట్రేట్ కోర్టులు నృపతుంగ రోడ్డులో ఉన్నాయి, కొన్ని మేయో హాల్‌లో. అర్జీకి ఎఫ్ఐఆర్ కాపీ, స్టేట్‌మెంట్, ఏ బ్యాంకులో ఏ ఖాతాలో ఎంత ఆగిందో తెలిపే వివరం జతచేయాలి. కోర్టు పోలీసుల రిపోర్టు అడుగుతుంది. ఆ రిపోర్టు ఆలస్యమవడమే చాలా కేసుల్లో నెలలు పట్టడానికి కారణం, కాబట్టి దర్యాప్తు అధికారిని మర్యాదగా, పట్టు వదలకుండా కలుస్తూ ఉండాలి. ఆయన దగ్గర వందల ఫైళ్లు ఉంటాయి, మీ క్రైమ్ నంబర్, హోల్డ్ వివరాలు ఒక చిన్న కాగితం మీద రాసిచ్చి వస్తే ఆయన పనీ తేలికవుతుంది. అన్నీ సరిపోతే ‘రేపు ఇంకెవరైనా ఈ డబ్బు తమదని రుజువు చేస్తే తిరిగి కడతాను’ అని ఇండెమ్నిటీ బాండ్ రాయించుకుని ఆర్డర్ ఇస్తారు.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. అదే మ్యూల్ ఖాతాలోకి మీలాగే ఇంకో పదిమంది డబ్బు కూడా వచ్చి ఉండొచ్చు. ఖాతాలో మిగిలింది 1,20,000, హక్కు అడిగేవాళ్లు నలుగురు. అప్పుడు మీ 3,00,000 ఏ నిమిషానికి వచ్చింది, దాని తర్వాత ఎంత బయటికి పోయింది అన్నది స్టేట్‌మెంట్ చూసి తేల్చాలి. ఇలాంటప్పుడు లాయర్ ఉండడం మంచిది. ఫీజు కట్టలేనివాళ్లకు, ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవాళ్లందరికీ, ఎస్సీ ఎస్టీలకు 1987 నాటి చట్టం ప్రకారం ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. 15100కి ఫోన్ చేయొచ్చు, బెంగళూరులో రాష్ట్ర న్యాయ సేవల అథారిటీ ఆఫీసు సిద్ధయ్య రోడ్డులోని న్యాయదేగులలో ఉంది. తెలంగాణలో 2024 నుంచి లోక్ అదాలత్‌ల ద్వారా సైబర్ మోసాల్లో ఆగిన డబ్బును చాలామంది బాధితులకు ఇప్పిస్తున్నారు, హైదరాబాద్‌లో కేసు నమోదైనవాళ్లు ఆ దారి గురించి తప్పకుండా అడగాలి.

డిపాజిట్ స్కీముల్లో, చిట్టీల్లో పోయిన డబ్బుకు ఈ 1930 దారి పెద్దగా ఉపయోగపడదు, అది వేరే చట్టం. కర్ణాటకలో డిపాజిటర్ల రక్షణకు 2004 నాటి చట్టం ఉంది, దాని కింద కాంపిటెంట్ అథారిటీ అనే అధికారి కంపెనీ ఆస్తులు జప్తు చేసి, అమ్మి, పంచాలి. 2019లో శివాజీనగర్‌లో ఐఎంఏ అనే పెట్టుబడుల సంస్థ మూతపడినప్పుడు ఇలాగే జరిగింది, కొంత కొంతగా ఏళ్ల తరబడి. మనకు అగ్రిగోల్డ్ గుర్తుండే ఉంటుంది. అక్కడైతే చిన్న డిపాజిటర్లకు 2019లో 10,000 లోపు, 2021లో 20,000 లోపు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే ఇచ్చింది. అలాంటి కేసుల్లో క్లెయిమ్‌లు అడిగినప్పుడు గడువులోపు పెట్టడం, ఒరిజినల్ బాండ్లు పారేయకపోవడం, ఈ రెండే మన చేతిలో ఉన్నవి.

వీటన్నిటి మధ్యలో ఇంకో ప్రమాదం గుమ్మంలోనే కాచుకుని ఉంటుంది. డబ్బు పోయిందని ఎక్కడైనా రాసుకున్నా, ఒక్కోసారి ఎక్కడా రాయకపోయినా, వారం తిరక్కుండా ఫోన్ వస్తుంది. ‘మేం సైబర్ సెల్ నుంచి, మీ డబ్బు రికవర్ అయింది, ప్రాసెసింగ్ ఫీజు 8,500 కట్టండి’ అంటాడు. తెలుగులో, మన యాసలో, మీరు ఎంత పోగొట్టుకున్నారో రూపాయితో సహా చెప్తాడు. ఆ లెక్క వాళ్లకు తెలుసు, ఎందుకంటే తరచుగా ఆ మొదటి దొంగలే ఈ రెండో ఫోన్ చేస్తారు, లేదా ఆ జాబితాను అమ్ముకుంటారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. పోలీసులు గానీ, 1930 గానీ, రిజర్వ్ బ్యాంక్ గానీ డబ్బు తిరిగివ్వడానికి ఫీజు అడగరు. స్క్రీన్ షేర్ చేసే యాప్ వేసుకోమని అసలే చెప్పరు.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. మోసపోయిన మనిషిని ఆ వారం రోజులు ‘అంత చదువుకుని ఇలా ఎలా పడ్డావు’ అని అడక్కండి. పొలం అమ్మిన డబ్బో, చెల్లెలి పెళ్లికి దాచినదో పోగొట్టుకుని, రాత్రి రెండింటికి బాల్కనీలో ఒక్కడే నిలబడి ఫోన్ చూసుకుంటున్నవాడికి ఆ ప్రశ్న ఎంత బరువో బయటివాళ్లకు తెలియదు. పక్కన కూర్చుని ట్రాన్సాక్షన్ నంబర్లు రాసిపెట్టండి, స్టేషన్‌కు తోడు వెళ్లండి. మనసు మరీ కుంగిపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో కూడా మాట్లాడతారు.

ఆ మహదేవపుర కుటుంబానికి ఆర్డర్ వచ్చిందనుకోండి, పని ఇంకా కొంచెం మిగిలే ఉంటుంది. సర్టిఫైడ్ కాపీ తీసుకుని పోలీసుల ద్వారా ఆ రెండు బ్యాంకులకూ పంపించాలి, ఖాతా నంబర్‌లో ఒక్క అంకె తేడా ఉన్నా బ్యాంకు వెనక్కి పంపుతుంది, కాబట్టి ఆర్డర్ చేతికి రాగానే అక్కడే నిలబడి ఒక్కో అంకె సరిచూసుకోవాలి. అంతా సవ్యంగా ఉంటే 1,85,000 వెనక్కి వస్తుంది. మిగిలిన 2,95,000 మీద కేసు నడుస్తూనే ఉంటుంది. రేపు ఎవరైనా పట్టుబడి ఇంకో ఖాతా బయటపడితే అదే క్రైమ్ నంబర్ మీద మళ్లీ అర్జీ వేసుకోవచ్చు, ఒకసారి వేశాం కదా అని రెండోసారికి అడ్డేమీ లేదు. అందుకని ఆ ఫైలు, ఆ సీలు వేసిన స్టేట్‌మెంట్లు, ఆ ఫోన్‌లోని చాట్లు అలాగే ఉంచుకోవాలి, అద్దె ఇల్లు మారినా అడ్రస్, ఫోన్ నంబర్ మారినా స్టేషన్‌లో చెప్పి రాయించాలి.